బాగే ఆమ్‌లో మామిడిపళ్ళు

మా అమ్మకి హైదరాబాదు మీద మొదటి కోపం మామిడిపళ్ళ దగ్గర వచ్చింది. అదీ కార్తీకమాసంలో!

సంగతేమిటంటే, 1956 నవంబరు ఒకటిన ఆంధ్రప్రదేశ్ అవతరించింది కదా, కర్నూలు సెక్రటేరియట్లో గుమాస్తాగా వున్న మా నాన్నగారు ఫైళ్ళతో పాటు ఇక్కడికి వచ్చి పడ్డారు. ఆయన వెనకాలే మేమూను. అమ్మ మూడేళ్ళలో మూడు రాజధానులు చూసిన మనిషి. 1953 సెప్టెంబరు దాకా మద్రాసు, అక్టోబరు నుంచీ కర్నూలు, ఇప్పుడీ హైదరాబాదు. "మీ ప్రభుత్వానికి కాలు ఒకచోట నిలవదా అండీ?" అని అడుగుతూ వుండేది నాన్నగారిని. ఆయన దగ్గర జవాబు వుండేది కాదు. సామాను కట్టడంలో మాత్రం ఇద్దరూ ఆరితేరిపోయారు.

చిక్కడపల్లిలో రెండు గదుల వాటా దొరికింది. గోడకి అవతలి వాటాలో వున్నావిడ అసలు సిసలు హైదరాబాదు మనిషి. మాట్లాడేది తెలుగే గానీ, అందులో మూడోవంతు మాకు బోధపడేది కాదు. అమ్మని మొదటిరోజే "వదినె" అని పిలిచారు. అమ్మా "వదినగారూ" అనేసింది. నాకు ఆవిడ అత్తయ్య. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో పెట్టిన ఆడపిల్లల బడిలో చదువుకున్నారు. నిజాం రాజ్యంలో సర్కారు చదువంతా ఉర్దూలో సాగుతున్న రోజుల్లో ఆడపిల్లలకి తెలుగులో చదువు చెప్పిన బడి అది. బడికి తెర కట్టిన బండిలో వెళ్ళేదాన్నని అత్తయ్య చెబితే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని.

ఆవిడ ఒక శనివారం సాయంత్రం గోడ మీంచి తల పెట్టి, "రేపు ఐతారం బాగే ఆమ్‌కు పోదామా వదినె? పిల్లకు ఏనుగును చూపిద్దాం" అన్నారు.

అమ్మ వచ్చి నాన్నగారిని అడిగింది. ఆయన అప్పటికి ఆఫీసులో ఉర్దూ నాలుగు ముక్కలు పట్టారు. "బాగ్ అంటే తోట. ఆమ్ అంటే మామిడి. మామిడితోటన్నమాట" అని ధీమాగా చెప్పేశారు.

అమ్మ మొహం వెలిగిపోయింది. కార్తీకమాసమాయె, ఊరుగాని ఊళ్ళో వనభోజనాల మాటే మరిచిపోయి వుంది. ఉసిరిచెట్టు లేకపోతే పోనీ, మామిడితోట మాత్రం తోట కాదూ! తెల్లవారుజామునే లేచి, తలంటు పోసుకుని, పులిహోర కలిపి, కొత్తగా తోమిన గిన్నెకి గుడ్డ కట్టింది. మామిడిపళ్ళ కాలం కాదని ఆవిడకీ తెలుసు. కానీ అంత పెద్ద తోటలో పునాసకాయ ఒక్కటైనా దొరక్కపోతుందా, పచ్చడికి పనికిరాకపోతుందా అని ఖాళీ సంచీ ఒకటి మడిచి బొడ్లో దోపుకుంది కూడా.

రెండు రిక్షాల్లో నారాయణగూడ, హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్ మీదుగా బయల్దేరాం. పెద్ద గేటు, లోపల విశాలమైన బాటలు, పచ్చిక, పూలమడులు, ఎక్కడినుంచో సింహం ఆవులించిన చప్పుడు. అమ్మ అటూ ఇటూ చూస్తూ నడుస్తోంది. పావుగంటయింది. ఇక వుండబట్టలేక, "వదినగారూ, మామిడిచెట్లు ఏవైపండీ?" అంది.

అత్తయ్య నవ్విన నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. పచ్చిక మీద కూలబడి మరీ నవ్వారు. "ఆ ఆమ్ వేరు, ఈ ఆమ్ వేరు వదినె. ఇది అందరి తోట!"

అసలు తిరకాసు ఉర్దూ అక్షరాల్లో వుంది. అలిఫ్‌తో మొదలుపెట్టి రాస్తే ఆమ్ అంటే మామిడిపండు. ఐన్ అనే అక్షరంతో రాస్తే ఆమ్ అంటే సర్వజనులదీ అని. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. పాపం మా నాన్నగారు అక్షరం చూడకుండా మాట విని అనువాదం చేశారు.

"అందరిదీనా?" అని అమ్మ పెదవి విరిచింది. "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మావైపు సామెత."

"గట్లంటరేంది వదినె? అందరిదంటే మనది గూడ గద!" అన్నారు అత్తయ్య.

వాళ్ళిద్దరిలో ఎవరి మాట నిజమైందో తేల్చుకోవాలని డెబ్భై ఏళ్ళుగా చూస్తున్నాను. చరిత్ర పుస్తకాల్లో రాజుల పుట్టినరోజులూ యుద్ధాలూ వుంటాయి గానీ, ఒక తోటని 'అందరిదీ' అని పేరు పెట్టి వదిలేశాక దాని గతేమైందన్నది ఎవరూ వివరంగా రాయరు. నేను చూసిందీ, విన్నదీ, చదివిందీ కలిపి చెబుతాను.

ఈ తోట వేసింది 1846లో అంటారు. అంటే నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలం. సిపాయిల తిరుగుబాటుకి ఇంకా పదకొండేళ్ళుంది. ఇంగ్లండులో ప్రజల డబ్బుతో ప్రజల కోసం వేసిన మొదటి పార్కని చెప్పుకునే బర్కెన్‌హెడ్ పార్కు తెరిచింది 1847లో. దాన్ని చూసి వెళ్ళిన మనిషే న్యూయార్కు సెంట్రల్ పార్కుకి నమూనా గీశాడు. మద్రాసులో ట్రెవెల్యాన్ దొర పీపుల్స్ పార్కు పెట్టించింది 1859 ప్రాంతంలో. బెంగుళూరు కబ్బన్ పార్కు 1870 నాటిది. వాటన్నిటికన్నా మనదే పెద్దక్కయ్య. ఈ మాట ఎక్కడా గొప్పగా చెప్పుకోగా నేను వినలేదు. మన ఇంటి పెరట్లో వున్నదాని విలువ మనకి ఎప్పుడు తెలిసింది గనక!

హైదరాబాదులో బాగ్‌లకి కొదవలేదు. బషీర్‌బాగ్, జాంబాగ్, సీతారాంబాగ్, ఎన్నని! చాలామట్టుకు నవాబులవీ జాగీర్దార్లవీ. బషీర్‌బాగ్ సంగతే చూడండి. పాయిగా నవాబు సర్ ఆస్మాన్‌జా బషీరుద్దౌలా మహలు వుండేది అక్కడ. మహలూ పోయింది, తోటా పోయింది, సిటీబస్సు కండక్టరు నోట్లో పేరు మిగిలింది. గోడ కట్టుకున్న తోటలన్నీ పోయి, గోడలేని ఈ తోట ఒక్కటీ మిగలడం విచిత్రం కాదూ?

అలాగని ఇది చెక్కుచెదరకుండా మిగిలిందనుకోకండి. ఇందులోకి మొదట వచ్చింది టౌన్‌హాలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి నలభయ్యో పుట్టినరోజు కానుకగా పురప్రజలు చందాలు వేసుకుని 1905లో పునాది వేయించారు. రాజస్థాన్ నుంచి మక్రానా రాయి తెప్పించారు. భవనం పూర్తయ్యేసరికి 1913 అయింది. ఎవరి పుట్టినరోజుకి కట్టారో ఆ ప్రభువు 1911లోనే కన్నుమూశాడు. పెళ్ళికి కుట్టించిన చొక్కా షష్టిపూర్తికి వచ్చిందన్న సామ్యం కూడా ఇక్కడ సరిపోదు. ఆ తెల్లటి గోపురాల భవనమే ఇవాళ మనం టీవీలో చూసే అసెంబ్లీ.

పేరుకి టౌన్‌హాలు, చుట్టూ అందరి తోట. కానీ నలుగురు కూడి మాట్లాడుకోవాలంటే అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అని నిజాం సర్కారువారి ఉత్తర్వు ఒకటి వుండేది. ముందుగా సర్కారు సెలవు పుచ్చుకోకుండా సభ పెట్టడానికి వీల్లేదు. దాని మీద సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికలో కలం ఝళిపించారు. అంటే ఏమన్నమాట? అందరూ తోటలోకి రావచ్చు, నడవచ్చు, పూలు చూడొచ్చు. నోరు మాత్రం విప్పకూడదు. మా అమ్మమ్మగారింట్లో కోడళ్ళ పరిస్థితీ అచ్చం ఇలాగే వుండేది!

1930లో మ్యూజియం వచ్చింది. గులాం యాజ్దానీగారు పురావస్తుశాఖకి అధిపతిగా వున్న కాలమది. ఇందులో ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఒకటి వుంది చూశారూ, అది నైషు అనే రాజకుమారిదని చెబుతారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పోసి కొని తెచ్చి ఏడో నిజాముకి బహూకరిస్తే, ఆయన దీన్ని మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ మొదటి ఆదివారమే అత్తయ్య మమ్మల్ని దాని దగ్గరికి తీసుకెళ్ళారు. అదేమిటో చెప్పకుండా తీసుకెళ్ళడం ఆవిడ చేసిన పొరపాటు. గుడ్డలు చుట్టిన ఆ ఆకారాన్ని తేరిపార చూసి, సంగతి తెలిశాక, అమ్మ కొయ్యబారిపోయింది.

"శవమా! చెప్పరేమండీ? తలస్నానం చేస్తే గానీ మంచినీళ్ళయినా ముట్టనే!"

"అయ్యో వదినె, పోయి రెండువేల ఏండ్ల పైన అయింది."

"మైలకి ఏళ్ళేమిటండీ?"

పులిహోర గిన్నె అలాగే వుంది. నాకు ఆకలి దంచేస్తోంది. చివరికి అత్తయ్యే తోటలో కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి, ముగ్గురి తలల మీదా నీళ్ళు చిలకరించి, "గంగేచ యమునేచైవ" అని తనకి వచ్చినంతమట్టుకు చదివారు. అమ్మ రాజీ పడింది. ఆ చెట్టు కింద తిన్న పులిహోర రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు నాకు. ఏం చెట్టో తెలీదు, ఉసిరి మాత్రం కాదు.

ఆ భోజనాల దగ్గరే అత్తయ్య నుమాయిష్ సంగతి చెప్పారు. ఏటా జనవరి వచ్చేసరికి మన ఆడవాళ్ళం చీరలూ, లక్క గాజులూ, కాశ్మీరు శాలువలూ అంటూ తొక్కిసలాడే నాంపల్లి ఎగ్జిబిషన్ వుందే, అది పుట్టింది ఈ తోటలోనే. 1938లో ఉస్మానియాలో పట్టాలు పుచ్చుకున్న కుర్రాళ్ళు కొందరు, రాష్ట్రంలో ఆర్థిక పరిస్థితులు ఎలా వున్నాయో సర్వే చేయాలనుకున్నారు. దానికి డబ్బు కావాలి. స్వదేశీ వస్తువుల ప్రదర్శన పెడితే నాలుగు రాళ్ళు వస్తాయని ఈ తోటలో పందిళ్ళు వేశారు. వాళ్ళ మూలధనం అక్షరాలా రెండున్నర రూపాయలు! అత్తయ్యకి అప్పుడు పదహారేళ్ళు. మొట్టమొదటిసారి తెరలేని చోట, బజారులో నిలబడినట్టు నిలబడి, తన చేత్తో డబ్బులిచ్చి దువ్వెన కొనుక్కున్నానని చెప్పారు. ఆ దువ్వెన ఇంకా దాచుకున్నారు. పళ్ళు సగం పోయాయి, అయినా పారేయరు.

1946లో నుమాయిష్ పక్కనే ఇప్పుడున్న మైదానానికి తరలిపోయింది. ఆడవాళ్ళకని ఒక రోజు ప్రత్యేకంగా కేటాయించే ఆచారం ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఎగ్జిబిషన్ సొసైటీ వచ్చిన లాభాలతో ఆడపిల్లలకి కాలేజీలు పెట్టింది. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ డబ్బుతో నడిచినవే. మా చెల్లెలు వనితాలో చదివింది. కాబట్టి ఈ తోటకి మా ఇల్లు కొంత బాకీ.

జూబిలీ హాలు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఏడో నిజాం గద్దెనెక్కి పాతికేళ్ళయిన పండగ 1936లో జరగాలి. సరిగ్గా ఆ జనవరిలోనే ఇంగ్లండులో అయిదో జార్జి చనిపోవడంతో ఏడాది వాయిదా పడి, 1937 ఫిబ్రవరిలో ఈ హాల్లో జరిగింది. ఆ దర్బారు కోసం చేయించిన బంగారు పూత సింహాసనం ఇప్పుడు పురానీ హవేలీలో నిజాం మ్యూజియంలో వుంది. ఈ తోటలోనే వున్న మసీదుకి ఆ ప్రభువు శుక్రవారం నమాజుకి వచ్చేవారు. కింగ్ కోఠీ మహలు మా నారాయణగూడకి కూతవేటు దూరం. 1967 ఫిబ్రవరి 24న ఆయన పోయినప్పుడు ఆ వీధులన్నీ జనంతో నిండిపోవడం నేను మేడమీంచి చూశాను.

రాజ్యం పోయి రాష్ట్రం వచ్చింది. 1952 ఎన్నికల తర్వాత హైదరాబాదు రాష్ట్ర శాసనసభ టౌన్‌హాల్లో కొలువుతీరింది. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారు. ఆ సభలో మాసూమా బేగం, సంగెం లక్ష్మీబాయమ్మ వంటి స్త్రీలు కూర్చున్నారు. కొన్నేళ్ళ కిందట సెలవు పుచ్చుకోకుండా నోరు విప్పకూడని తోటలో ఆడది లేచి నిలబడి మంత్రిని నిలదీసిందన్నమాట. ఇది మాత్రం నాకు మక్రానా రాయికన్నా గొప్పగా తోస్తుంది.

ఇక ఏనుగు దగ్గరికి వస్తాను, అత్తయ్య నన్ను తీసుకొచ్చిందే దానికోసం కదా. దాని పేరు రాణి. 1938 అక్టోబరులో పుట్టింది. అంటే మా అత్తయ్య దువ్వెన కొనుక్కున్న ఏడే. నేను చూసేనాటికి పద్ధెనిమిదేళ్ళ పడుచు. మొహర్రం ఊరేగింపులోనూ అదే, బోనాల ఊరేగింపులోనూ అదే. దానికి మతభేదం లేదు, బెల్లముక్క వుంటే చాలు! అమ్మ పులిహోర పెట్టబోతే, మావటి వద్దన్నాడు. "మిరపకాయ కొరికితే మనందరినీ తొక్కుతుందమ్మా" అన్నాడో, లేక అమ్మని హడలగొట్టడానికి అత్తయ్య అలా తర్జుమా చేశారో మరి.

ఆ తర్వాత ఏడేళ్ళూ నెలకి ఒకసారైనా రాణిని చూడకుండా వుండలేదు. 1963 అక్టోబరు ఆరున మీరాలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్కు తెరిచారు. తోటలోని జంతువులన్నీ అటు తరలిపోయాయి. రాణి అక్టోబరు ఒకటినే వెళ్ళిపోయింది. అంత విశాలమైన చోట జంతువులు హాయిగా వుంటాయని నాన్నగారు సంతోషించారు. నిజమే, ఇరుకు బోనుల్లో వాటి అవస్థ నేనూ చూశాను. కానీ అమ్మకి కోపం వచ్చింది. "పులిని చూడాలంటే రెండు బస్సులు మారాలా? ఇది మాత్రం అందరిదెలా అయిందీ?" అంది. మద్రాసు నుంచి కర్నూలుకీ, కర్నూలు నుంచి ఇక్కడికీ సామాను కట్టిన మనిషి కదా, తరలింపు అంటేనే ఆవిడకి పడదు.

మద్రాసు పీపుల్స్ పార్కు అమ్మకి బాగా తెలుసు. ఒకప్పుడు నూరెకరాల పైచిలుకు తోట. అందులోకి విక్టోరియా పబ్లిక్ హాలు వచ్చింది. దానికి పునాది వేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి. తర్వాత మూర్ మార్కెట్ వచ్చింది. 1913లో, అంటే మన టౌన్‌హాలు పూర్తయిన ఏడే, కార్పొరేషన్ వారి రిప్పన్ బిల్డింగు వచ్చింది. స్టేడియం వచ్చింది. జంతువుల్ని 1985లో వండలూరు పంపించేశారు. ఇవాళ అక్కడ పార్కెక్కడా అని అడిగితే రైల్వేస్టేషన్ చూపిస్తారు. ఒక్కొక్కటీ మంచి పనే. అదే వచ్చిన చిక్కు. మన తోటలోనూ 1966లో పిల్లల కోసం జవహర్ బాలభవన్ పెట్టారు, వద్దనగలమా? మా పెద్దమ్మాయి అక్కడే బొమ్మలు వేయడం నేర్చుకుంది. 1985లో పాత అసెంబ్లీ పోలికలతోనే కొత్త అసెంబ్లీ భవనం కట్టారు. ఆ మరుసటేడు లలితకళాతోరణం వచ్చింది. నక్షత్రాల కింద కూర్చుని అక్కడ కూచిపూడి చూసిన రాత్రి అమ్మ ఎంత సంబరపడిందో! ఏ ఒక్కదాన్నీ వద్దనలేం. అన్నీ కలిసేసరికి పచ్చిక తగ్గింది.

ఇదంతా చెబుతూ 1969 సంగతి దాటవేస్తే నేను అబద్ధం రాసినట్టే అవుతుంది.

ఆ ఏడాది తెలంగాణా ఉద్యమం భగ్గుమంది. స్థానికులకి రావలసిన ఉద్యోగాల్లో ఇతర ప్రాంతాలవాళ్ళు చేరిపోయారన్నది మొదటి ఫిర్యాదు. అంటే మా నాన్నగారు కూర్చున్నలాంటి కుర్చీలే గొడవకి మూలం. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. నారాయణగూడ చౌరస్తాలో రాళ్ళూ, లాఠీలూ, బాష్పవాయువూ. అత్తయ్యగారబ్బాయి నా యీడువాడే, ఊరేగింపుల్లో తిరిగేవాడు. ఒకరోజు తలకి కట్టుతో వచ్చాడు. నాన్నగారు మమ్మల్ని తాతగారింటికి పంపేద్దామనుకున్నారు. అమ్మ మళ్ళీ పెట్టెలు దింపింది. గోడ మీంచి మాటలు ఆగిపోయాయి. పోట్లాట ఏమీ లేదు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు, అంతే. ఆవిడ వాకిట్లోకి వస్తే అమ్మ లోపలికి వచ్చేది. అమ్మ పెరట్లోకి వెళితే ఆవిడ తలుపు వేసుకునేవారు. అలా అయిదు నెలలు.

తాతగారింటికి మేము వెళ్ళలేదు. కార్తీకమాసం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్న గోడ మీద ఒక గిన్నె పెట్టిన చప్పుడైంది. గుడ్డ కట్టిన గిన్నె, పక్కన అత్తయ్య తల.

"పులిహోర నేను కలిపిన వదినె. నీ అంత మంచిగ కాలేదు. బాగే ఆమ్‌కు పోదామా?"

అమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

ఆ రోజు తోటలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. నన్ను దూరంగా పంపించేశారు. ఆ మరుసటేడు, 1970లో, తోటకెదురుగా గన్‌పార్కులో అమరవీరుల స్తూపానికి పునాది వేశారు. కాల్పుల్లో పోయిన పిల్లల కోసం. శిల్పి ఎక్కా యాదగిరిరావుగారు. అది లేచాక మేము ఎప్పుడు తోటకి వెళ్ళినా అత్తయ్య ముందు అటు వెళ్ళి ఒక్క నిమిషం నిలబడి దణ్ణం పెట్టుకునేవారు. అమ్మ గేటు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడేది. అటు వెళ్ళేది కాదు, తొందరపెట్టేదీ కాదు. చాలా ఏళ్ళు అంతే. ఒకసారి మాత్రం, ఏ సంవత్సరమో గుర్తులేదు, గిన్నె నా చేతికిచ్చి తనూ వెళ్ళింది.

తర్వాత మాకు దగ్గర్లోనే ఇందిరా పార్కు వచ్చింది. 1975 సెప్టెంబరులో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు, 1978లో జనానికి తెరిచారు. డెబ్భయ్యారెకరాలు. అశోక్‌నగర్, దోమలగూడ ఆడవాళ్ళకి కాళ్ళు చాచుకోవడానికి అదే దిక్కయింది. డాక్టర్లు అందరికీ నడక మందు రాయడం మొదలుపెట్టాక మరీను. దాని పక్క రోడ్డే ధర్నాచౌక్. జీతం చాలని అంగన్‌వాడీ అమ్మాయిలు ఎండలో కూర్చుని నినాదాలిస్తుంటే గోడకివతల మేము నడుస్తూ వినేవాళ్ళం. 2017లో ధర్నాలు అక్కడ కుదరవన్నారు, తర్వాత హైకోర్టు కుదురుతాయంది. గస్తీ నిషాన్ 53 నాకు అప్పుడు గుర్తొచ్చింది. పార్కు మంచిదే, నేను కాదనను. అమ్మ మాత్రం దాన్ని చివరిదాకా 'కొత్త పార్కు' అనే అంది.

అమ్మ 1998లో పోయింది. అత్తయ్య ఇంకో పదేళ్ళున్నారు. తెలంగాణా వచ్చింది 2014లో, ఆవిడ చూడలేదు. 2019 జూన్ రెండున రాష్ట్రావతరణ ఉత్సవం పబ్లిక్ గార్డెన్స్‌లో జరిగింది. జెండా ఎగరేస్తుంటే టీవీ ముందు కూర్చుని, ఆవిడ వుండి వుంటే ముందు గన్‌పార్కుకే వెళ్ళేవారు కదా అనుకున్నాను. అత్తయ్యగారబ్బాయికి ఫోన్ చేశాను. వాడూ అదే అన్నాడు. ఇద్దరం కాసేపు ఫోన్ పట్టుకుని ఊరికే వున్నాం.

రాణి 2021 జూన్‌లో జూలో పోయింది, 83వ ఏట. పేపర్లో ఫోటో వేశారు. ఈ తోట నుంచే 1963లో వెళ్ళిన గలాపగోస్ తాబేలు ఒకటి 2024 మార్చిలో పోయింది. దాని వయసు నూటపాతికేళ్ళ దాకా వుంటుందన్నారు. ఈ తోటలో నేను దాన్ని చూసే వుంటాను, కానీ ఏమీ గుర్తులేదు. తాబేలుని చూసే ఓపిక ఏడేళ్ళ పిల్లకి ఎక్కడుంటుంది!

మొన్న వేసవిలో మనవరాలు అమెరికా నుంచి వస్తే దాన్ని తీసుకుని మెట్రోలో బయల్దేరాను. చిక్కడపల్లిలో ఎక్కి నారాయణగూడ, సుల్తాన్‌బజార్ దాటి ఎంజీబీఎస్‌లో దిగి, ఇంకో రైలు మారి గాంధీభవన్, నాంపల్లి మీదుగా అసెంబ్లీ స్టేషన్. తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడం అంటే ఇదే. అమ్మ రిక్షాలో ఇంతకన్నా తిన్నగా వెళ్ళింది. కానీ చల్లగా వుంది, కూర్చోవడానికి చోటిచ్చారు, నా వయసుకి అది ముఖ్యం.

గేటు దగ్గర మనవరాలు ఫోన్లో ఏదో వెతికింది. "అమ్మమ్మా, దీనికి బాగే ఆమ్ అని పేరట. ఆమ్ అంటే మామిడిపండే కదా? చెట్లేవీ?"

నాకు ఎంత నవ్వొచ్చిందంటే, పక్కన నడుస్తున్న ఇద్దరు ముసలాళ్ళు ఆగి చూశారు. దానికి అలిఫూ ఐనూ చెప్పాను. కథంతా చెప్పాను. బెంచీలన్నీ నిండి వున్నాయి. బుర్ఖా వేసుకున్న ఒకావిడ జరిగి మాకు చోటిచ్చి, పిల్ల ఎవరని అడిగింది. పులిహోర డబ్బా తీశాం. మమ్మీని ముందు చూసొద్దామంది మనవరాలు. వద్దు, ముందు తిందాం అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నారాయణగూడలోనే దిగిపోయాం. మార్కెట్ దగ్గర బండి మీద బంగినపల్లి పళ్ళు పసుపుపచ్చగా మెరిసిపోతున్నాయి. బేరమాడి రెండు కిలోలు కొన్నాం.